ప్రపంచ పౌరులుగా బతకడం ఎలా: ఇంట్లోని మందుల డబ్బాతో మొదలుపెట్టండి

ముందు చట్టం సంగతి తేల్చుకుంటే తరవాతి దారి తేలికవుతుంది. ప్రపంచ పౌరసత్వాన్ని మంజూరు చేసే కార్యాలయం భూమ్మీద ఎక్కడా లేదు. రెండవ ప్రపంచ యుద్ధంలో అమెరికా తరఫున బాంబర్ విమానం నడిపిన గారీ డేవిస్ 1948లో పారిస్‌లో తన అమెరికా పౌరసత్వాన్ని వదులుకొని, తాను ప్రపంచ పౌరుడినని ప్రకటించుకున్నాడు. అదే ఏడాది నవంబరులో ఆ నగరంలోనే సమావేశమైన ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభలో లేచి ప్రసంగం మొదలుపెట్టగానే కాపలాదారులు ఆయనను బయటికి తీసుకుపోయారు. ఆయన స్థాపించిన సంస్థ ప్రపంచ పాస్‌పోర్టు పేరుతో పుస్తకాలు అచ్చువేసి ఇస్తూ వచ్చింది గానీ, ఆ పుస్తకాన్ని నమ్ముకొని మీరు విమానం టికెట్ మాత్రం కొనవద్దు. మన చట్టం ఈ విషయంలో మరీ కచ్చితంగా ఉంటుంది: 1955 నాటి పౌరసత్వ చట్టం ప్రకారం, భారతీయులు ఇష్టపూర్వకంగా మరో దేశపు పౌరసత్వం తీసుకున్నారంటే భారత పౌరసత్వం అంతటితో పోయినట్టే.

అంటే ప్రపంచ పౌరులకు ఓటు లేదు, రేషను కార్డు లేదు, వారు పన్ను కట్టవలసిన ఖజానా కూడా లేదు. మిగిలేది బాధ్యత ఒక్కటే. 1948 డిసెంబరు 10న పారిస్‌లోనే ఆమోదం పొందిన సార్వజనిక మానవ హక్కుల ప్రకటన హక్కులన్నీ చెప్పి, 29వ అధికరణంలో సమాజం పట్ల ప్రతి మనిషికీ విధులున్నాయని గుర్తుచేసింది. మన రాజ్యాంగంలోని 51ఎ అధికరణం శాస్త్రీయ దృక్పథాన్నీ మానవతావాదాన్నీ పెంపొందించుకోవడం పౌరుల విధి అంటుంది. మాటలు పెద్దవే. మన సభల్లో శాలువా కప్పిన ప్రతిసారీ విశ్వమానవుడు అనే బిరుదు వినిపిస్తుంది; ఆ విశ్వమానవుడి ఇంటి మురుగు ఏ వాగులో కలుస్తుందని మాత్రం ఎవరూ అడగరు. ఈ వ్యాసం ఆ ప్రశ్న అడగడం ఎలాగో, జవాబు తెలిశాక ఏం చేయాలో చెప్పడానికి రాసినది.

లంకెను ఎంచుకోవడం

మీ ఇల్లు, మీ వృత్తి, మీ ఊరు అనే మూడింటిలో ఎక్కడో ఒకచోట పరాయి దేశపు మనిషి బతుకును తాకే లంకె తప్పకుండా ఉంటుంది. దాన్ని వెతికేటప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోండి. అక్కడ నా చేతికి నిజంగా ఏమైనా పట్టు ఉందా? నేను చేసిన పని జరిగిందో లేదో నాకు నేనుగా సరిచూసుకోగలనా? రెండింటికీ అవునన్న జవాబు వచ్చిన లంకెనే పట్టుకోండి. లోకంలోని అన్యాయాలన్నింటికీ ఒకేసారి బాధపడటం మంచి మనసుకు గుర్తే కావచ్చు, కానీ ఆ బాధ వారం తిరక్కుండానే అలసటగా మారి, చివరికి ఏ పనీ చేయనివ్వదు.

ఉదాహరణకు మీ చేతిలోని ఫోను బ్యాటరీకి కావలసిన కోబాల్ట్‌లో అత్యధిక భాగం కాంగో ప్రజాస్వామ్య గణతంత్ర దేశపు గనుల నుంచి వస్తుంది. ఆ గనుల పరిస్థితిపై హైదరాబాదులోనో విజయవాడలోనో ఒక్క ఫోను కొన్న వ్యక్తికి ఉన్న పట్టు చాలా తక్కువ. పనిచేస్తున్న ఫోనును మరికొన్నేళ్లు వాడటం, పాడైనదాన్ని పాత సామాన్ల బండికి వేయకుండా అధీకృత రీసైక్లింగ్ కేంద్రానికి ఇవ్వడం మీ చేతిలో ఉన్నాయి. 2022లో ప్రపంచం పోగుచేసిన ఎలక్ట్రానిక్ వ్యర్థాలు 6 కోట్ల 20 లక్షల టన్నులు కాగా, అందులో సక్రమంగా సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కల్లో కనిపించేది పావు వంతు కూడా లేదు. ఈ రెండు పనులూ చేసి, అపరాధ భావం లేకుండా ముందుకు సాగండి. మన పట్టు ఎక్కువగా ఉన్న లంకెలు వేరే ఉన్నాయి.

మందుల డబ్బా

తెలుగు నేలపై ఉంటున్నవారికి నేను మొదట సూచించే లంకె యాంటీబయాటిక్ మందులు. దీనికి కారణం రెండు హైదరాబాదుల కథలో ఉంది.

పాకిస్తాన్‌లోని సింధ్ రాష్ట్రంలో కూడా హైదరాబాద్ అనే నగరం ఉంది. 2016 నవంబరులో అక్కడ ఒక కొత్త రకం టైఫాయిడ్ మొదలైంది. టైఫాయిడ్‌కు తరతరాలుగా వాడుతున్న క్లోరాంఫెనికాల్, యాంపిసిలిన్ వంటి పాత మందులే కాక, సిప్రోఫ్లాక్సాసిన్ వర్గపు మందులూ, ఆసుపత్రిలో సూదిమందుగా ఇచ్చే సెఫ్ట్రియాక్సోన్ కూడా దానిపై పనిచేయలేదు. నోటితో మింగే మందుల్లో దాదాపు అజిత్రోమైసిన్ ఒక్కటే మిగిలింది. మంచినీటి గొట్టాల్లో మురుగు కలిసే నగరాల్లో అది వేగంగా పాకింది. ప్రయాణికుల ద్వారా బ్రిటన్, అమెరికా వంటి దేశాలకూ చేరింది. దాన్ని అదుపు చేయడానికి 2018లో సింధ్ హైదరాబాదులో రెండు లక్షలకు పైగా పిల్లలకు ఒక కొత్త టీకా వేశారు. ఆ టీకా తయారైనది మన హైదరాబాదులో. భారత్ బయోటెక్ రూపొందించిన ఆ టైఫాయిడ్ కాంజుగేట్ టీకాకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు అర్హత ముద్ర 2017 చివర లభించింది. 2019 నవంబరులో పాకిస్తాన్ సింధ్ నగరాల్లోని దాదాపు కోటిమంది పిల్లలకు ఈ టీకా వేసే కార్యక్రమం మొదలుపెట్టి, దాన్ని సాధారణ టీకాల పట్టికలో చేర్చిన మొదటి దేశమైంది. సరిహద్దు దగ్గర తుపాకులు ఎదురెదురుగా ఉన్న కాలంలోనే ఇది జరిగింది.

ఇది గర్వించదగిన సగం. మిగతా సగం హైదరాబాదు శివారులోని పటాన్‌చెరులో ఉంది. 2007లో స్వీడన్ పరిశోధకులు, సుమారు 90 మందుల కర్మాగారాల వ్యర్థజలాలను శుద్ధి చేసే అక్కడి ఉమ్మడి కేంద్రం నుంచి బయటికి వదిలిన నీటిని పరీక్షించి, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని ప్రచురించారు. మందు వాడుతున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా అది ఎక్కువ. చావకుండా మిగిలిన బ్యాక్టీరియా ఆ మందును తట్టుకోవడం అలాంటి నీటిలోనే నేర్చుకుంటుంది. సింధ్‌లోని క్రిమి పటాన్‌చెరులో పుట్టిందని నేను అనడం లేదు, అలా అనడానికి ఆధారం లేదు. అయితే ఒక మందును తట్టుకునే గుణం ఒక క్రిమి నుంచి మరో క్రిమికి, ఒక దేశం నుంచి మరో దేశానికి వీసా లేకుండా వెళ్తుంది. 2019లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 12 లక్షల 70 వేల మరణాలకు మందులకు లొంగని బ్యాక్టీరియాయే నేరుగా కారణమని 2022లో వెలువడిన అంచనా చెబుతోంది. దూరదేశపు పిల్లల ప్రాణం కాపాడే మందును తయారుచేసే జిల్లాయే ఆ మందులకు లొంగని క్రిములకు ఆశ్రయమివ్వగలదు. ప్రపంచ పౌరసత్వం గురించి ఇంతకన్నా దగ్గరి పాఠం మనకు అక్కర్లేదు.

ఇక చేయవలసిన పని. ఈ రోజే ఇంట్లోని మందుల డబ్బా తెరిచి, వెనక ఎర్ర గీత ఉన్న అట్టలను వేరు చేయండి. వైద్యుల చీటీ లేకుండా అమ్మకూడని మందులకు ఆ గీత గుర్తు. మిగిలిపోయిన సగం అట్టను తరవాతి జ్వరానికి దాచుకోవడం, పక్కింటివారికి ఇవ్వడం మన ఇళ్లలో పొదుపుగా చెలామణి అవుతున్న అలవాట్లు. వాటిని మానండి. ఆ మాత్రలను మరుగుదొడ్డిలో వేసి నీళ్లు వదలడం ఇంకా తప్పు. గడువు తీరిన మందులను తిరిగి తీసుకునే ఏర్పాటు ఏదైనా ఉందేమో మీ దుకాణదారునో ఆసుపత్రి ఫార్మసీనో అడగండి. జలుబుకూ మామూలు ఫ్లూ జ్వరానికీ యాంటీబయాటిక్ పనిచేయదు కాబట్టి, వైద్యులు రాయకపోతే రాయమని ఒత్తిడి చేయవద్దు. రాస్తే మాత్రం ఇది ఎందుకు, ఎన్ని రోజులు, పరీక్ష చేయించాలా అని మర్యాదగా అడగండి. మంచి వైద్యులు ఆ ప్రశ్నకు నొచ్చుకోరు.

మందుల దుకాణం నడుపుతున్నవారికి బాధ్యత ఇంకా స్పష్టంగా ఉంది. మందుల నిబంధనల్లో 2014 మార్చి నుంచి అమలులో ఉన్న షెడ్యూల్ హెచ్1 అనే జాబితా కింద, పలు యాంటీబయాటిక్‌లను అమ్మినప్పుడు రోగి పేరు, మందు రాసిన వైద్యుల పేరు, అమ్మిన పరిమాణం వేరే రిజిస్టరులో నమోదు చేసి మూడేళ్లు భద్రపరచాలి. ఆ రిజిస్టరు తనిఖీ కోసం ఉన్న కాగితంగా కాక, నిజంగా నిండుతున్న పుస్తకంగా ఉంటే చాలు. కోళ్ల ఫారాలు నడిపేవారు, పశువులను పెంచేవారు కోలిస్టిన్ అనే మందును కోళ్లకూ పశువులకూ వాడటాన్ని 2019 జులైలో కేంద్రం నిషేధించిందని గుర్తుంచుకోవాలి. మనుషులకు ఏ మందూ పనిచేయనప్పుడు వాడే ఆఖరి మందుల్లో అది ఒకటి.

మందుల పరిశ్రమ దగ్గర నివసించేవారికీ, అందులో పనిచేసేవారికీ పట్టు మరికాస్త ఎక్కువ. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ కర్మాగారాల వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు ప్రతిపాదిస్తూ ముసాయిదా ప్రకటించింది. 2021లో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు లేవు. ముసాయిదా వెలువడినప్పుడు పౌరులెవరైనా అభ్యంతరాలూ సూచనలూ పంపవచ్చు. కొత్త కర్మాగారానికో విస్తరణకో జరిగే ప్రజాభిప్రాయ సేకరణకు 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి. పర్యావరణ ప్రభావ అంచనా నివేదికను, స్థానిక భాషలోని సారాంశంతో సహా, ప్రజలకు అందుబాటులో ఉంచాలి. ఆ సారాంశాన్ని ముందే చదివి వెళ్లండి. సభలో ఉద్యోగాలు ఎన్ని, రోడ్డు ఎప్పుడు అనే ప్రశ్నలు ఎలాగూ వస్తాయి. మీరు మాత్రం వ్యర్థజలంలో యాంటీబయాటిక్‌ను ఎవరు, ఎన్నాళ్లకోసారి కొలుస్తారు, ఆ అంకెలు మాకు ఎక్కడ కనిపిస్తాయి అని అడిగి, ప్రశ్నను రాతపూర్వకంగా ఇచ్చి, సభ మినిట్స్‌లో చేరేలా చూడండి. యాంటీబయాటిక్ తయారీ వ్యర్థాలపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబరులో మార్గదర్శకాలు ప్రచురించింది కాబట్టి, కొలతలు ఏవని ఎవరైనా ఎదురు ప్రశ్న వేస్తే చూపడానికి పత్రం సిద్ధంగా ఉంది.

విదేశాల్లో వైద్యులుగా, ఫార్మసిస్టులుగా, ఆసుపత్రుల కొనుగోలు విభాగాల్లో పనిచేస్తున్న తెలుగువారు ఇదే గొలుసులో రెండో కొస పట్టుకొని ఉన్నారు. నార్వే ఆసుపత్రులు యాంటీబయాటిక్ టెండర్లలో ధరతో పాటు తయారీ చోటి పర్యావరణ జాగ్రత్తలకూ మార్కులు వేయడం మొదలుపెట్టాయి. మీ ఆసుపత్రి అలా చేస్తోందా అని మీరు అక్కడి సమావేశంలో అడిగే ఒక్క ప్రశ్న, మీ సొంత జిల్లా వాగు గురించి మీరు ఇక్కడికి వచ్చి చేసే పది ప్రసంగాల కన్నా బలమైనది.

చెరువు నుంచి సూపర్‌మార్కెట్‌కు

గోదావరి జిల్లాల రొయ్యల రైతులకు ప్రపంచం గురించి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. 2009లో వెనామీ రకానికి అనుమతి వచ్చాక రొయ్యల సాగులో ఆంధ్రప్రదేశ్ దేశానికే ముందు నిలిచింది; ఆ రొయ్యకు పెద్ద మార్కెట్ అమెరికా. 2025 ఆగస్టులో అమెరికా భారత సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు, వాషింగ్టన్‌లో తీసుకున్న నిర్ణయం భీమవరంలో కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ధరగా వినిపించింది. ఆ నిర్ణయంపై రైతుకు పట్టు లేదు. చెరువులో ఏం వేస్తున్నామన్న దానిపై ఉంది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ వర్గపు మందులు ఆక్వాసాగులో నిషిద్ధం. మేత అమ్మేవారు పేరు లేని డబ్బా ఏదైనా ఇస్తే అందులో ఏముందో రాసి ఉన్న బిల్లు అడగండి, పట్టుబడికి ముందు సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల అభివృద్ధి సంస్థ ప్రయోగశాలలో అవశేష పరీక్ష చేయించండి, చెరువు నీటిని కాలువలోకి వదిలే ముందు దిగువన తాగునీటికో వరికో ఆ నీరే ఆధారమైనవారు ఉన్నారేమో చూడండి. ఎక్కడో తినే మనిషికి జాగ్రత్తగా పంపి, పక్క ఊరి బావిని ఉప్పు చేయడం ప్రపంచ పౌరసత్వం కిందికి రాదు.

దూరదేశపు వార్త

దీని గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. పరాయి దేశపు యుద్ధమో అల్లరో వీడియోగా మీ ఫోనుకు వచ్చినప్పుడు, పంపే ముందు ఆ చిత్రాన్ని ఇంటర్నెట్‌లో వెనక్కి వెతికి, తేదీనీ చోటునూ సరిచూడండి. పాత భూకంపాలూ వేరే దేశాల ఊరేగింపులూ కొత్త పేర్లతో తిరుగుతుంటాయి. ఆ దేశంలోని పత్రిక ఒకటి ఏమంటోందో అనువాద సాధనంతో అయినా చదవండి. అంత ఓపిక లేని రోజున ముందుకు పంపకుండా ఉండటమే సరైన పని. ఓపిక ఎక్కువగా ఉన్నవారికి ఒక ఉపయోగకరమైన పని ఉంది. 2015 ఏప్రిల్‌లో నేపాల్ భూకంపం వచ్చినప్పుడు వేలమంది వాలంటీర్లు తమ ఇళ్ల నుంచే ఉపగ్రహ చిత్రాలు చూసి, ఎవరైనా గీయగల ఉచిత ఇంటర్నెట్ పటమైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో దారులూ ఇళ్లూ గుర్తించి సహాయక బృందాలకు పటాలు అందించారు. ఆ పని నేర్చుకోవడానికి కంప్యూటరు, కొంత సాధన ఉంటే చాలు.

మన వీధిలోని విదేశీయులు

2017 ఫిబ్రవరిలో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో, ఓలేథ్ అనే ఊరి బారులో ఒక హైదరాబాదు ఇంజనీరును తన దేశం నుంచి పొమ్మని అరుస్తూ ఒకడు కాల్చి చంపాడు. అడ్డుకోబోయిన అక్కడి అమెరికన్ యువకుడికీ తూటా తగిలింది. అప్పుడు తెలుగు ఇళ్లలో కలిగిన భయం అందరికీ గుర్తుంది. ఆ యువకుడి స్థానంలో మనం నిలబడవలసిన సందర్భాలు మన నగరాల్లోనే వస్తాయి. హైదరాబాదులో ఆఫ్రికా, పశ్చిమాసియా దేశాల నుంచి చదువుకు వచ్చిన విద్యార్థులు ఉన్నారు. బాలాపూర్ ప్రాంతంలో మయన్మార్ నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యా కుటుంబాలు ఉన్నాయి. శరణార్థుల గురించిన 1951 నాటి అంతర్జాతీయ ఒప్పందంలో భారతదేశం చేరలేదు. అయినా మన రాజ్యాంగంలోని 14, 21 అధికరణాలు పౌరులకే పరిమితమైనవి కావు. చట్టం ముందు సమానత్వం, ప్రాణ రక్షణ ఈ నేలపై ఉన్న ఏ వ్యక్తికైనా వర్తిస్తాయి. ఎవరు ఉండవచ్చు, ఎవరు వెళ్లాలి అన్నది ప్రభుత్వమూ న్యాయస్థానాలూ తేల్చే విషయం. ఉన్నన్నాళ్లు ఎలా చూడాలన్నది మన చేతిలోని విషయం.

ఇల్లు అద్దెకు ఇచ్చేవారు రంగునో దేశాన్నో చూసి కాదనకుండా, కాగితాలు చూసి ఇవ్వండి. పాస్‌పోర్టు, వీసా ప్రతులు తీసుకొని, విదేశీయుల బస వివరాలను ఆన్‌లైన్‌లో అధికారులకు తెలియజేయడం చట్టబద్ధమైన విధి; అది చేయకపోతే ఇబ్బంది ఇద్దరికీ. స్థానికుల దగ్గర తీసుకునే అద్దె, అడ్వాన్సే వారి దగ్గరా తీసుకోండి. ఆటోవారితో గొడవ, ఆసుపత్రిలో భాష తెలియని అవస్థ వంటివి కంటపడితే రెండు నిమిషాలు ఆగి మాట సాయం చేయండి. డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో మన పిల్లల పక్కన ఎవరైనా అలా ఆగితే బాగుండునని కోరుకునేవారమే మనం.

వెళ్లేవారికి, స్థిరపడినవారికి

ప్రపంచ పౌరుడు అనగానే మనకు ల్యాప్‌టాప్ సంచి తగిలించుకున్న మనిషి కళ్లముందుకు వస్తాడు. జగిత్యాల, నిజామాబాద్, కడప జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్లి, నేపాలీ, బంగ్లాదేశీ, ఫిలిప్పీన్స్ కార్మికులతో ఒకే గదిలో ఏళ్ల తరబడి సర్దుకొని బతికిన మేస్త్రీకి ఆ పేరు ఎక్కువ తగుతుందని నా అభిప్రాయం. మీ ఇంటి నుంచి అలా ఎవరైనా బయలుదేరుతుంటే, ఏజెంటు పేరు కేంద్రం నడిపే ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో నమోదైందో లేదో ముందు చూడండి. సందర్శక వీసాపై పంపి అక్కడ మారుస్తామనే మాట నమ్మవద్దు. పని ఒప్పందం ప్రతి ఒకటి ఇంట్లో ఉండాలి. పదో తరగతి పూర్తికానివారి పాస్‌పోర్టులకు వలస అనుమతి తప్పనిసరి అయిన దేశాలకు వెళ్లేటప్పుడు, ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల రూపాయల బీమా కొద్దిపాటి ప్రీమియంతో లభిస్తుంది. ఆ పాలసీ నంబరు ఇంట్లోవారి దగ్గర లేకపోతే అది ఉన్నా లేనట్టే. జీతం ఆగినా, యజమాని పాస్‌పోర్టు లాక్కున్నా విదేశాంగ శాఖ నడిపే మదద్ పోర్టల్‌లోనో రాయబార కార్యాలయంలోనో ఫిర్యాదు నమోదు చేయించాలి. గదిలోని నేపాలీ సహచరుడికి కూడా ఆయన రాయబార కార్యాలయం ఎక్కడుందో చెప్పాలి.

విదేశంలో ఉంటూ భారత పౌరసత్వం నిలుపుకున్నవారికి 2010 నాటి చట్ట సవరణ ఓటు హక్కు ఇచ్చింది. ఫారం 6ఎ నింపి, పాస్‌పోర్టులోని భారత చిరునామా ఉన్న నియోజకవర్గంలో పేరు చేర్చుకోవాలి. అయితే ఓటు వేయడానికి స్వయంగా రావాలి. మరో దేశపు పౌరసత్వం తీసుకొని ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకు ఇచ్చేది) పొందినవారికి ఇక్కడ ఓటు లేదు, వ్యవసాయ భూమి కొనే హక్కూ లేదు. అలాంటివారు తెలుగు రాష్ట్రాల రాజకీయాలపై రాత్రంతా వాదించుకోవడాన్ని ఎవరూ ఆపలేరు. కానీ వారికి ఓటున్న చోటు వారి పిల్లలు చదివే జిల్లా పాఠశాల బోర్డు, వారి పట్టణ మండలి, వారి రాష్ట్ర శాసనసభ. ఆ బోర్డు తరవాతి సమావేశం ఏ తేదీన ఉందో, అందులో ప్రజలు మాట్లాడటానికి పేరు ముందుగా ఎలా నమోదు చేసుకోవాలో దాని వెబ్‌సైటులో రాసి ఉంటుంది. మొదటిసారి వెళ్లినప్పుడు ఏమీ మాట్లాడకుండా, కార్యక్రమ పట్టిక చేతిలో పెట్టుకొని వినండి.